మోకాలు ఏమి తిని బతుకుతుంది?

(పట్టణ గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందుగా క్షమించాలి. ఈ హాల్లో వస్తున్న వాసన గ్రంథాలయానిది కాదు, నేను తెచ్చిన సంచిది. పొద్దున్నే మాంసం కొట్టుకు వెళ్లి గొర్రె వెనక కాలు ఒకటి, మోకాలు కోయకుండా ఇవ్వమన్నాను. "కోయకపోతే ఎలా వండుతారు సార్?" అన్నాడు కొట్టతను. వండను బాబూ, ఉపన్యాసం చెబుతాను అన్నాను. ఒక్క క్షణం నా వంక చూసి, "అయితే డబ్బులు ముందు ఇవ్వండి" అన్నాడు.

నేను ముప్పై ఏళ్లు వైద్య విద్యార్థులకు శరీర నిర్మాణ శాస్త్రం చెప్పినవాణ్ని. తరగతిలో మేం చూపించే ఎముకలన్నీ ఎండినవే. ఉడకబెట్టి, ఎండబెట్టి, తీగతో గుచ్చి వేలాడదీసినవి. వాటితో పాఠం చెప్పడం సులువే కానీ, చివరికి పిల్లవాడి మనసులో ఎముక అంటే ఎండు కట్టె అనే బొమ్మ పడిపోతుంది. మన మాటలూ అలాగే ఉన్నాయి. మనిషి బాగా చిక్కిపోతే "ఎముకల గూడు" అంటాం, పోయాక "అస్థికలు" కలుపుతాం. బతికి ఉన్న మనిషికి, అందులోనూ ఆరోగ్యంగా ఉన్న మనిషికి, ఎముకలున్నాయన్న సంగతి కింద పడ్డప్పుడే గుర్తొస్తుంది. అందుకే ఇవాళ పచ్చి ఎముక తెచ్చాను.

దానికంటే ముందు ఈ రెండు కోడి ఎముకలు చూడండి. మొదటిది నాలుగు రోజులు వెనిగర్‌లో నానింది. చూడండి, వంగుతోంది. రబ్బరు గొట్టంలా ఎటు వంచితే అటు వంగుతోంది. ఇంకాస్త పొడుగుంటే ముడి కూడా వేసి చూపించేవాణ్ని. రెండోదాన్ని నిన్న రాత్రి బొగ్గుల మీద బాగా కాల్చాను. ఆకారం చెక్కుచెదరలేదు, కొంచెం తెల్లబడింది, అంతే. ఇదిగో, వేళ్లతో నొక్కుతున్నాను... అప్పడంలా పొడైపోయింది.

వెనిగర్ చేసిన పనేమిటంటే, ఎముకలోని కాల్షియం లవణాలను కరిగించేసింది. కొల్లాజెన్ అనే మాంసకృత్తుల పోగులు మాత్రం మిగిలాయి. నిప్పు దీనికి తలకిందుల పని చేసింది. పోగులను కాల్చేసి లవణాన్ని వదిలింది. ఇల్లు కట్టించినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. ఒకటి సిమెంటు లేని చువ్వలు, ఇంకొకటి చువ్వలు లేని సిమెంటు. రెండూ కలిస్తేనే స్లాబు నిలుస్తుంది. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు లవణమే. అయినా మనం జారిపడ్డ ప్రతిసారీ పెంకులా పగలకపోవడానికి కారణం ఆ మిగిలిన పోగులు. చిన్నపిల్లల ఎముకల్లో ఈ పోగుల పాలు ఎక్కువ. అందుకే మామిడిచెట్టు మీద నుంచి పడ్డ పిల్లవాడి ఎముక చాలాసార్లు పూర్తిగా విరగదు, పచ్చి కొమ్మలా ఒక పక్కన చీలి ఇంకో పక్కన వంగుతుంది.

స్లాబుతో పోలిక ఇక్కడితో ఆపేయాలి. ఎందుకంటే పోసిన స్లాబు పోసినట్టే ఉంటుంది. ఎముక ఉండదు. మన ఎముకల్లో ఇప్పుడు, నేను మాట్లాడుతుండగానే, లక్షల చోట్ల తవ్వకం పని జరుగుతోంది. తవ్వే కణాలు వేరు, పూడ్చే కణాలు వేరు. ఒక చోట తవ్వడానికి సుమారు మూడు వారాలు, తవ్విన గుంత పూడ్చడానికి మూడు నాలుగు నెలలు. పెద్దవాళ్లలో ఏటా అస్థిపంజరంలో పదో వంతు ఇలా కొత్తదవుతుంది. పదేళ్ల కిందట పెళ్లిళ్లలో తిరిగిన మీ ఎముకలు చాలా వరకు ఇప్పుడు మీలో లేవు. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక ఈ తవ్వకానికి కళ్లెం వేసే హార్మోను తగ్గిపోతుంది. తవ్వేవాళ్లు ముందుకు వెళ్లిపోతారు, పూడ్చేవాళ్లు వెనకబడతారు. బాత్రూములో మామూలుగా జారిపడ్డ పెద్దావిడ తుంటి ఎముక ఎందుకు విరిగిందని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు. లోపల గుంతలు పదిహేనేళ్లుగా పూడకుండా ఉన్నాయి మరి.

ఎక్కడ పూడ్చాలో ఆ కణాలకు ఎవరు చెబుతారు? దీని మీద నాకు ఇష్టమైన కథ ఒకటుంది. 1866లో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీర శాస్త్ర ఆచార్యుడు తొడ ఎముక పైభాగాన్ని నిలువుగా కోసి, లోపలి సన్నని పలకలు వంపులు తిరిగి ఎలా అమరి ఉన్నాయో చూపించాడు. ఆ వరుసలను కార్ల్ కుల్మన్ అనే ఇంజనీరు చూశాడు. ఆయన అప్పట్లో క్రేనుల లెక్కలు కడుతున్నాడు. చూడగానే "ఇది నా క్రేను కదా!" అని అరిచాడని చెబుతారు. తల ఒక పక్కకు వాలి ఉన్న క్రేనులో బరువు ఏ గీతల వెంట దిగుతుందో, తొడ ఎముకలో పలకలు దాదాపు ఆ గీతల వెంటే ఉన్నాయి. తర్వాత 1892లో బెర్లిన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ దీన్ని సూత్రంగా రాశాడు. బరువు పడ్డ చోట ఎముక పెరుగుతుంది, పడని చోట తరుగుతుంది. టెన్నిస్ ఆటగాళ్లకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే మందంగా ఉంటుంది. అంతరిక్షంలో బరువే తెలియని వ్యోమగాములకు నడుము, తుంటి భాగాల్లో నెలకు ఒక శాతానికి పైగా ఎముక కరిగిపోతుంది. మంచం పట్టిన మనిషికీ ఇదే జరుగుతుంది. కాకపోతే ఆయన రాకెట్ ఎక్కడు, కాబట్టి పేపర్లో రాయరు.

ఎముకల లెక్క కూడా చెప్పమంటారేమో. పెద్దలకు 206. పుట్టినప్పుడు 270 పైచిలుకు, తర్వాత కొన్ని అతుక్కుపోతాయి. 206లో సగానికి పైన, అంటే 106, రెండు చేతుల్లోను, రెండు పాదాల్లోను ఉన్నాయి. పరీక్షకు ఇంతకంటే ఎక్కువ కావాలంటే పుస్తకం ఉంది, అది ఈ గ్రంథాలయంలోనే దొరుకుతుంది. కీళ్ల దగ్గరికి వెళదాం.

బడి పుస్తకాల్లో బంతి గిన్నె కీలు, మడత బందు కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు అని చదివి ఉంటారు. చాలా చక్కటి తెలుగు మాటలు. తలుపు బందు చూసినవాడికి మోచేయి వెంటనే అర్థమవుతుంది. అయితే ఈ పోలికల పద్ధతి మనకు కొత్త కాదు. సుశ్రుత సంహితలో కీళ్లు ఎనిమిది రకాలు. చంకలోను, గజ్జలోను ఉండే కీలుకు సుశ్రుతుడు పెట్టిన పేరు ఉలూఖలం. అంటే రోలు. రోట్లో రోకలి తిరిగినట్టు గిన్నెలో ఎముక తల తిరుగుతుంది. పుర్రె ఎముకలు కలిసే చోటుకు తున్నసేవని, అంటే కుట్టు. పుర్రెను దగ్గరగా చూసినవాళ్లకు ఆ పేరు ఎంత సరిపోయిందో తెలుస్తుంది, చినిగిన బట్టను వంకరటింకరగా కుట్టినట్టే ఉంటుంది. దవడ కీలుకు వాయసతుండం, కాకి ముక్కు. ఆయన లెక్కలో ఎముకలు 300, కీళ్లు 210. పళ్లను, మెత్తటి ఎముకలను కూడా కలిపి లెక్కించడం వల్ల ఎముకల సంఖ్య పెద్దదైంది. లెక్క మనతో కలవలేదని నవ్వేవాళ్లున్నారు, అన్నీ మన పూర్వులకే తెలుసని చేతులు కట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. ఆ గ్రంథం చెప్పిన పద్ధతి చూడండి. శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, తర్వాత వట్టివేళ్లు, వెదురు వంటి వాటితో చేసిన కుంచెతో పొర తర్వాత పొర మెల్లగా రుద్దుతూ కళ్లతో చూడమన్నాడు. చూసి తెలుసుకో అన్నవాడి మాటను చూడకుండా నమ్మడం ఆయనకు చేసే మర్యాద కాదు.

కాబట్టి చూద్దాం. కత్తి తీస్తున్నాను. పిల్లలు ముందుకు రండి. పెద్దవాళ్లు కావాలంటే కళ్లు మూసుకోవచ్చు. ఇన్నేళ్లలో కళ్లు తిరిగి పడ్డవాళ్లు ఎప్పుడూ పెద్దవాళ్లే.

ఇది మోకాలి చిప్ప. తొడ కండరం నుంచి వచ్చే గట్టి పట్టీలో ఇమిడి ఉంటుంది. బావి మీద గిలక చేసే పనే ఇది చేస్తుంది, తక్కువ బలంతో కాలు చాచడానికి సాయపడుతుంది. చంటిపిల్లల్లో ఇది ఇంకా ఎముక కాదు, మెత్తగా ఉంటుంది. మూడేళ్ల తర్వాత మెల్లగా గట్టిపడుతుంది. అందుకేనేమో గచ్చు మీద రోజంతా పాకినా పిల్లవాడికి పట్టదు, మనం ఒక్కసారి మోకాళ్ల మీద కూర్చుంటే లేవలేం. సరే, ఇక చిప్ప పక్కనే కోస్తున్నాను. ఇప్పుడు లోపలి సంచి తెగింది. ఇదిగో, వేలికి అంటుకున్న ఈ ద్రవం చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగలా సాగుతోంది. అరిసెలకు పాకం చూసే అమ్మలు ఇక్కడున్నారు కదా, ఇది తీగపాకం కంటే కాస్త లేత. రంగు చూస్తే కోడిగుడ్డు తెల్లసొన. మనిషి మోకాల్లో మామూలుగా ఇది ఒక చెంచా కూడా ఉండదు.

ఇప్పుడు కాలు పూర్తిగా వంచుతున్నాను, తొడ ఎముక చివర బయటపడింది. వెలుతురులో పెడతాను. తడి పింగాణీలా మెరుస్తోంది కదా? తెలుపే కానీ అడుగున నీలి ఛాయ. గోటితో నొక్కితే కొంచెం లొంగుతుంది, వేలు తీస్తే మళ్లీ సర్దుకుంటుంది. కత్తితో పలచగా చెక్కితే కాస్త ముదిరిన లేత కొబ్బరిలా తెగుతుంది. దీని పేరు మృదులాస్థి. మనిషి శరీరంలో ఇది అన్నిటికంటే మందంగా ఉండేది మోకాలి చిప్ప వెనక, అక్కడ కూడా మహా అయితే ఆరేడు మిల్లీమీటర్లే. మంచు గడ్డ మీద మంచు గడ్డ జారేదానికంటే ఈ రెండు ఉపరితలాల మధ్య రాపిడి తక్కువ. మనిషి తయారు చేసిన ఏ బేరింగూ ఇంత తడిలో, ఇంత బరువు కింద, డెబ్భై ఏళ్లు ఇలా తిరగలేదు.

ఇక ఇక్కడే నా ఫిర్యాదు. ఈ మృదులాస్థిని మనం గుజ్జు అంటాం. ఇందాకటి పాకాన్నీ గుజ్జు అంటాం. మధ్యలో ఈ నెలవంక ఆకారపు మెత్తలు రెండున్నాయే, వీటినీ గుజ్జే అంటాం. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు కూడా గుజ్జే. నాలుగు వేర్వేరు వస్తువులకు ఒకటే మాట. పైగా గుజ్జు అనగానే మనకు గుర్తొచ్చేది చింతపండు గుజ్జు, మామిడి గుజ్జు. అయిపోతే మళ్లీ పిసుక్కోవచ్చు, తక్కువైతే ఇంకాస్త పోసుకోవచ్చు. డాక్టరు "గుజ్జు అరిగిందమ్మా" అంటే, ఆమె "అయితే గుజ్జు పట్టడానికి ఏమి తినాలి?" అని అడుగుతుంది. తప్పు ఆమెది కాదు, ఆ మాటలోనే ఆ ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న మీద బోలెడన్ని డబ్బాలు అమ్ముడుపోతున్నాయి.

అరిగింది మళ్లీ పెరుగుతుందా? 1743లో లండన్ రాయల్ సొసైటీకి విలియం హంటర్ అనే వైద్యుడు ఒక వ్యాసం సమర్పించాడు. ఒకసారి పాడైన మృదులాస్థి తిరిగి బాగుపడదని పూర్వకాలం నుంచీ అంటూనే ఉన్నారని అప్పుడే రాశాడు. ఈ మాటకు గట్టి సాక్ష్యం మాత్రం అణుబాంబుల నుంచి దొరికింది. 1950ల మధ్య నుంచి 1963 దాకా దేశాలు పోటీపడి గాలిలో బాంబులు పేల్చి పరీక్షించాయి. దాంతో వాతావరణంలో కార్బన్-14 అనే ఒక రకం కార్బన్ దాదాపు రెట్టింపయింది, తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఆ కాలంలో తిన్న తిండిలో, పెరిగిన శరీరాల్లో ఆ గుర్తు పడింది. 2016లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు వేర్వేరు సంవత్సరాల్లో పుట్టినవాళ్ల మోకాలి మృదులాస్థిని ఆ గుర్తుతో పరీక్షించారు. అందులోని కొల్లాజెన్ పోగులు యుక్తవయసు దాటాక దాదాపు మారడం లేదని తేలింది. ఎముక పదేళ్లకోసారి కొత్తదవుతుంటే, దాని మీది ఈ నాలుగు మిల్లీమీటర్ల పూత మాత్రం మీరు ఇంటర్మీడియట్ చదివేనాటిదే.

కారణం తెలుసుకోవాలంటే ఇంకోసారి ఈ కోత చూడాలి. ఎముక కోసిన చోట ఎర్రగా ఉంది, నెత్తురు ఊరుతోంది. లోపల మూలగ. మనలో సెకనుకు ఇరవై లక్షల దాకా ఎర్ర కణాలు తయారయ్యేది అక్కడే. ఆ ఎర్రదనం ఈ తెల్లటి అంచు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మృదులాస్థిలో ఒక్క రక్తనాళం లేదు. నరం కూడా లేదు. ఎముక విరిగితే నెత్తురు చేరుతుంది, గడ్డ కడుతుంది, దాని మీద మెత్తటి అతుకు, తర్వాత గట్టి అతుకు. విరిగిన ముక్కలు సరైన వరుసలో కూర్చుంటే మిగతాది ఎముక చేసుకుంటుంది. పుత్తూరు కట్టయినా, పెద్దాసుపత్రి ప్లాస్టరు కట్టయినా వరుస తప్పకుండా చూడటం వరకే, అతికేది ఎముక తనంతట తానే. వరుస తప్పిందో లేదో చేతి స్పర్శతో కాకుండా ఎక్స్‌రేతో చూడాలని మాత్రం నేను గట్టిగా అంటాను. మృదులాస్థికి ఆ నెత్తురు భాగ్యం లేదు.

మరి అది ఏమి తిని బతుకుతుంది? అందులో ముప్పావు వంతు నీరే. తడి స్పాంజీ అనుకోండి. అడుగు వేసి బరువు మోపినప్పుడు ఆ స్పాంజీ నొక్కుకుపోయి లోపలి నీరు బయటికి వస్తుంది. కాలు ఎత్తినప్పుడు చుట్టూ ఉన్న ఆ తీగపాకంలోంచి కొత్త నీరు లోపలికి పీల్చుకుంటుంది. దానితోపాటే ఆహారం. నొక్కు, వదులు. నొక్కు, వదులు. దానికి వేరే వంటగది లేదు. కదలకుండా కూర్చుంటే స్పాంజీ పస్తుంటుంది. గంటల తరబడి ఒకే భంగిమలో నిలబడితే నొక్కే ఉంటుంది, వదులు ఉండదు. అదీ పస్తే.

మా మేనత్త కథ చెప్పాలి. యాభై ఎనిమిదో ఏట ఆవిడకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. "అరిగిపోయాయి, ఇక నడిస్తే ఇంకా అరుగుతాయి" అని ఎవరో చెప్పారు. చెప్పులు అరిగినట్టు, సబ్బు అరిగినట్టు అనుకుంది పాపం. గుడికి వెళ్లడం మానేసింది. కుర్చీలో కూర్చుని రెండేళ్లు మోకాళ్లను దాచుకుంది. నేను సెలవులకు వెళ్లి చూసేసరికి తొడ కండరం వేలాడే జోలెలా ఉంది. మోకాలికి అసలు కాపలాదారు ఆ కండరమే, అడుగు పడ్డప్పుడు దెబ్బను ముందు అది తీసుకుంటుంది. అది పోయాక దెబ్బంతా కీలు మీదే. "అత్తా, కుర్చీలోనే కూర్చో, కాలు తిన్నగా చాచి పది అంకెలు లెక్కపెట్టే దాకా అలాగే ఉంచు" అన్నాను. "అంకెలెందుకురా, నాకు నామాలు వచ్చు కదా" అంది. కేశవాయ స్వాహా నుంచి మొదలుపెట్టి పది నామాల దాకా కుడికాలు, మళ్లీ పది నామాలు ఎడమకాలు. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, పోలేదు. మూడు నెలలకు కర్ర పట్టుకుని గుడి దాకా నడిచింది. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు పెట్టమని కూడా చెప్పాను. "స్వర్గానికి మంచి కాలు, కిందికి పాపిష్టి కాలు, అంతేనా" అంది. అప్పటి నుంచి నేను తరగతిలో ఆ మాటే చెప్పేవాణ్ని, విద్యార్థులు ఎప్పుడూ మరిచిపోలేదు.

బరువు సంగతి ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. కొలత పరికరాలు అమర్చిన కృత్రిమ మోకాళ్లతో లెక్క తీశారు. మామూలుగా నడుస్తుంటే మోకాలి మీద పడేది శరీర బరువుకు రెండున్నర రెట్లు, మెట్ల మీద మూడు రెట్ల పైన. మోకాళ్ల నొప్పులున్న స్థూలకాయుల మీద 2005లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గిందని చూశారు. రోజుకు ఎన్ని అడుగులో మీరే గుణించుకోండి.

ఇప్పుడు మన నేల కథ ఒకటి. ఎముక కట్టె కాదు, చుట్టూ ఉన్నదాన్ని తీసుకుంటుంది అన్నానే, దానికి ఇంతకంటే బాధాకరమైన రుజువు నాకు తెలియదు. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఒక వింత జబ్బును నమోదు చేశారు. మనుషుల వెన్ను వంగకుండా కర్రలా బిగుసుకుపోయింది, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. కారణం బావి నీళ్లలోని ఫ్లోరైడు. దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి వైద్య నివేదిక అదే. తర్వాత నల్గొండ జిల్లా పేరు ఈ జబ్బుకు మారుపేరైపోయింది. మర్రిగూడ వైపు ఊళ్లలో పడుకున్నచోటే పెరిగి, పడుకున్నచోటే పెద్దవాళ్లయిన మనుషులున్నారు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరోసిస్ ప్రాంతంలో ఎదిగే పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయని ప్రకటించారు.

లోపల జరిగేది ఇదీ. అక్కడి నేల కింద ఉన్న గ్రానైటు రాళ్లలోంచి ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. బోరు లోతుకు వెళ్లేకొద్దీ చాలాచోట్ల అది పెరుగుతుంది. తాగిన ఫ్లోరైడులో సగం దాకా ఎముకకు చేరి, లవణపు స్ఫటికంలో ఒక గడిని ఆక్రమిస్తుంది. పూడ్చే కణాలను రెచ్చగొడుతుంది. ఎక్స్‌రేలో ఎముక ఇంకా తెల్లగా, ఇంకా దట్టంగా కనిపిస్తుంది. చూసి గట్టిపడిందనుకుంటాం, నిజానికి పెళుసుబారింది. ఇందాక కాల్చిన కోడి ఎముకను గుర్తు చేసుకోండి. అంతటితో ఆగదు. ఎముకను ఎముకతో పట్టి ఉంచే లిగమెంట్లు, అంటే మెత్తటి పట్టీలు కూడా ఎముకగా మారిపోతాయి. కదలడానికి ఉన్న కీలు అతుకైపోతుంది. రోలూ రోకలీ ఒకే రాయి అయినట్టు.

లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, నీళ్లు కాచి తాగడం. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడు చావదు. పైగా నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. నీరీ, అంటే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడు తగ్గించే ఉపాయం కనిపెట్టారు. దాని పేరే "నల్గొండ పద్ధతి". ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడు గురించి చదివినా ఆ జిల్లా పేరు కనిపిస్తుంది. ఒక ఊరికి ఇలాంటి కీర్తి రావాలని ఎవరూ కోరుకోరు. ఇప్పుడు ఆ ఊళ్లకు పైపుల్లో నది నీళ్లు వస్తున్నాయి. కొత్తగా పుట్టే పిల్లలకు అది వరమే. అతుక్కుపోయిన వెన్నుకు మాత్రం నీళ్లు మారినా కదలిక తిరిగి రాదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

(సభలోంచి ఒక మహిళ: "బెండకాయలు తింటే గుజ్జు పడుతుందంటారు కదండీ?")

అమ్మా, ఈ ప్రశ్న రాకపోతే నా ఉపన్యాసం విఫలమైనట్టే. బెండకాయ మంచి కూర. నాకూ ఇష్టం. దాని జిగురు మన పాకంలా సాగుతుంది కాబట్టి అదీ ఇదీ ఒకటేనని ఎవరికో తోచింది. మన కడుపు దేన్నీ ఉన్నదున్నట్టుగా మోకాలికి పంపదు. జిగురును జిగురుగా, ఎముకల సూపును ఎముకగా అందించే పోస్టాఫీసు కాదది, అన్నిటినీ విప్పి ముక్కలు చేసే చోటు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అంటారే, ఇక్కడ నిజంగానే మోకాలు ఉంది. పాయా తాగండి, చలికాలంలో అంత మంచి వస్తువు లేదు, ప్రత్యేకంగా మోకాలి కోసం మాత్రం తాగొద్దు. కీళ్లకని అమ్మే గ్లూకోసమైన్ మాత్రల మీద 2006లో అమెరికాలో దాదాపు 1,600 మందితో పెద్ద పరీక్ష జరిగింది. మొత్తం మీద ఉత్తుత్తి మాత్రలకంటే చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. ఎముకలకైతే రాగులు, నువ్వులు, పాలు, ఒంటికి కాస్త ఎండ, ఇవి నిజంగానే పనికొస్తాయి.

(ఒక కుర్రవాడు: "మెటికలు విరిస్తే కీళ్లు అరుగుతాయా సార్?")

మీ నానమ్మ దిష్టి తీసి, నీ కణతల దగ్గర చేతులు పెట్టి మెటికలు విరిచినప్పుడు నీకు ఈ అనుమానం రాలేదా? ఆ చప్పుడు ఎముకది కాదు బాబూ. కీలును లాగినప్పుడు లోపలి ద్రవంలో ఒత్తిడి పడిపోయి వాయువు బుడగ కడుతుంది, అదీ చప్పుడు. అందుకే ఒకసారి విరిచిన వేలు వెంటనే మళ్లీ పలకదు, ఓ ఇరవై నిమిషాలు ఆగాలి. అమెరికాలో డొనాల్డ్ అంగర్ అనే వైద్యుడు యాభై ఏళ్ల పాటు ఎడమచేతి మెటికలు మాత్రమే రోజూ విరిచి, కుడిచేతివి వదిలేశాడు. చివరికి రెండు చేతుల్లోనూ కీళ్లవాతం లేదని 1998లో ప్రకటించాడు. వాళ్లమ్మ చిన్నప్పుడు వద్దన్నదట, అందుకు. 2009లో ఆయనకు నవ్వు తెప్పించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగం కాబట్టి దాన్ని తుది తీర్పు అనకూడదు. కానీ మెటికలు విరిస్తే నొప్పి పుట్టినా, వాపు వచ్చినా అది వేరే సంగతి, చూపించుకోవాలి.

లైబ్రేరియన్ గారు గడియారం వైపు చూస్తున్నారు. ఎముకలు ఇంకో పావుగంట ఈ బల్ల మీదే ఉంటాయి, దగ్గరికి వచ్చి ముట్టుకుని చూడండి, ముఖ్యంగా ఆ మెరిసే భాగం మీద వేలు జార్చండి. మళ్లీ అలాంటి నునుపు ఇంకెక్కడా దొరకదు. చేతులు కడుక్కునే కుళాయి బయట ఎడమవైపు ఉంది, సబ్బు నేను తెచ్చాను.